ఊరి చరిత్ర ఊరివాళ్ల పని

రాజమండ్రి ఆర్యాపురంలో మా తాతగారి మండువా ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశాక సామాను సర్దే పని నామీద పడింది. ఇత్తడి గంగాళాలు అక్కచెల్లెళ్లం పంచుకున్నాం. టేకు బీరువా బాబాయి తీసుకెళ్లాడు. ఉయ్యాల బల్ల కోసం నాకంటే నాకని ఇద్దరు పట్టుబట్టారు. అటక మీద రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్న కాయితాలు మాత్రం ఎవరూ అడగలేదు. "చెదలు పట్టినవి ఏం చేసుకుంటావే? తూకానికి వేసెయ్" అన్నాడు బాబాయి. వేసేశాను. మూడు గోనె సంచులయ్యాయి. పాత పేపర్ల అబ్బాయి వాటిని రిక్షాలో వేసుకుని వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను కూడా. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఒక్క నోటుబుక్కు మిగిలింది. వంటింట్లో బియ్యం డబ్బా కదలకుండా ఉండటానికి ఎవరో దాని కింద పెట్టారు కాబట్టి మిగిలింది. కొత్తింటికి వచ్చిన కొన్ని నెలలకి తెరిచి చూశాను.

తాతగారు ప్లీడరు గుమాస్తా. ఆ పుస్తకం 1953 నాటిది. కోర్టు వాయిదాలు, కిరాణా లెక్కలు, మధ్యమధ్యలో గోదారి. వానాకాలం పేజీల్లో ప్రతి రోజూ మొదటి పంక్తి ధవళేశ్వరం నీటిమట్టమే. అడుగులు, అంగుళాలతో సహా రాసుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో పెద్ద వరద వచ్చింది. రేవులో ఎన్ని మెట్లు మునిగాయో, లంకల్లోంచి వచ్చినవాళ్లకి ఎవరెవరి ఇళ్లల్లో వండిపెట్టారో, ఏ రోజు పాలు దొరకలేదో, అన్నీ ఉన్నాయి. ఇంకో పేజీలో, ఆదివారం కింద, ఈ నాలుగు ముక్కలు: "సాయంత్రం శాసనాల మీద ఉపన్యాసం. వెళ్లాను. సగం అర్థం కాలేదు. మళ్లీ వెళ్లాలి."

ఆ మూడు సంచుల్లో ఇలాంటివి ఎన్ని పోయాయో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఆ బాధతోనే ఇది రాస్తున్నాను. ఊరి చరిత్రను కాపాడటం ఊరివాళ్ల పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. దాచిపెట్టడం అందులో సగమే. మిగతా సగం, దాన్ని ఊరికి ఊరి భాషలో మళ్లీ మళ్లీ చెప్పడం. మా రాజమండ్రిలో ఒకప్పుడు ఈ రెండు పనులూ కలిసి నడిచాయి. ఎలా నడిచాయో తెలిస్తే ఇప్పుడు ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది.

తాతగారు వెళ్లిన ఉపన్యాసం ఎవరు పెట్టారో ఆయన రాయలేదు. కానీ ఈ ఊళ్లో ఒక గుమాస్తా ఆదివారం సాయంత్రం శాసనాల గురించి వినడానికి వెళ్లాడంటే, ఆ గాలి ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిన విషయమే. 1022 ఆగస్టులో రాజరాజ నరేంద్రుడికి పట్టాభిషేకం జరిగింది. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1922లో ఈ ఊరి పెద్దలు ఒక ప్రత్యేక సంచిక వేశారు. ఆ ఏడాదే, ఈ ఊళ్లోనే, ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. మన్యంలో అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్ల మీద దాడులు మొదలుపెట్టిందీ ఆ ఏడాది ఆగస్టులోనే. రోజులు అలాంటివి. అలాంటి రోజుల్లో కొందరు కూర్చుని, మన చరిత్ర మనమే వెతుక్కోవాలి, మనమే రాసుకోవాలి అనుకున్నారు.

వాళ్లు ఎవరో చూడండి. రాళ్లబండి సుబ్బారావు గారు కాలేజీలో చరిత్ర చెప్పేవారు. భావరాజు వేంకట కృష్ణారావు గారు వకీలు. చిలుకూరి వీరభద్రరావు గారు పత్రికల్లో పనిచేసిన మనిషి, 1910 నుంచి ఆంధ్రుల చరిత్రను సంపుటాలుగా రాసినవారు. పురావస్తు శాఖ ఉద్యోగం చేస్తూ జీతానికి ఈ పని చేసినవాళ్లు కారు వీళ్లు. పగలు ఎవరి పని వాళ్లు చేసుకుని, మిగిలిన పొద్దు దీనికి ఇచ్చారు. 1926 నుంచి మూడు నెలలకోసారి ఇంగ్లీషులో పరిశోధన పత్రిక తెచ్చారు. దాంతోపాటు తెలుగులో పెద్ద పెద్ద ప్రత్యేక సంచికలు వేశారు. 1935లో కాకతీయ సంచిక, 1947లో రెడ్డి సంచిక అలా వచ్చినవే. అటు నిజాం రాజ్యంలో కూడా ఇదే పట్టుదల కనిపిస్తుంది. 1923లో కొమర్రాజు లక్ష్మణరావు గారు పోయాక ఆయన పేరు మీద హైదరాబాదులో నడిచిన పరిశోధక మండలి తెలంగాణ శాసనాలు సేకరించి 1935లో అచ్చు వేసింది.

శాసనం సేకరించడం అంటే ఏమిటో నేను ఒకసారి దగ్గరగా చూశాను. రిటైరైన ఒక చరిత్ర మేష్టారు మా స్నేహితురాలికి దగ్గర బంధువు. ఒక పల్లెటూరి శివాలయంలో మండపం స్తంభం మీద అక్షరాలున్నాయని తెలిసి, గుడివాళ్ల అనుమతి తీసుకుని బయల్దేరుతుంటే మేమూ వెంటపడ్డాం. తీరా వెళ్తే అక్షరాలు కనబడలేదు. ఏటేటా ఉత్సవానికి వేసిన సున్నం పొర మీద పొర పేరుకుని, స్తంభం నున్నగా ఉంది. వేళ్లతో తడిమితే మాత్రం కింద గీతలు తగులుతున్నాయి. ఆయన నీళ్లు చల్లుతూ, పీచుతో మెల్లిగా రుద్దుతూ ఆ సున్నం వదిలించడానికే పూట పట్టింది.

తరవాత తడిపిన కాయితం రాయి మీద పరిచి, గట్టి కుంచెతో కొట్టడం మొదలుపెట్టారు. రాయడానికి వాడే కుంచెలా కాదు, బట్టలుతికే బ్రష్షులా ఉంటుంది అది. కొట్టగా కొట్టగా కాయితం అక్షరాల గుంటల్లోకి దిగిపోతుంది. కాస్త ఆరాక, గుడ్డ మూటకి నల్ల సిరా అంటించి పైపైన అద్దారు. ఎత్తుగా ఉన్న చోటల్లా నలుపు అంటుకుంది, గుంటల్లో అంటలేదు. నల్లటి కాయితం మీద తెల్లటి అక్షరాలు వరసగా లేచాయి. వీపు నొప్పితో వంగలేకపోతున్న ఆ మనిషి, కాయితం వలిచి ఎండకేసి పట్టుకుని "శ్రీ... స్వస్తి శ్రీ" అని చదువుతుంటే పక్కన నిలబడ్డ పూజారిగారి కళ్లు పెద్దవయ్యాయి. పుట్టినప్పటినుంచి ఆనుకుని కూర్చున్న స్తంభం అది. దానిమీద రాత ఉందని ఆయనకి తెలియదు.

గంటల తరబడి పట్టే ఆ పనిని, బస్సులు లేని రోజుల్లో, పడవలమీదా ఎడ్లబళ్లమీదా తిరుగుతూ ఊరూరా చేశారు వెనకటివాళ్లు. శాసనాలు చెక్కిన రాగి రేకుల సంగతి ఇంకా కష్టం. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో బయటపడేవి. దొరికినవాడికి అది రాగి. కరిగిస్తే చెంబవుతుంది, బిందెవుతుంది. అది కొలిమి ఎక్కేలోపు చదవగలిగినవాడి కంటపడాలి. పడకపోతే ఒక రాజు, ఒక ఊరు, ఒక దానం ఉన్నట్టే మనకి తెలియదు.

ఎప్పుడైనా ఏదైనా మ్యూజియంలో తూర్పు చాళుక్యుల తామ్రశాసనం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. రేకుల్ని ఒక కడియానికి గుచ్చి ఉంచుతారు. ఆ కడియం రెండు కొసలూ కలిసే చోట ముద్ర, ముద్ర మీద వరాహం, "శ్రీ త్రిభువనాంకుశ" అని అక్షరాలు. రేకు అంచులు చూడండి, కొంచెం ఎత్తుగా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు అక్షరాలు రాసుకుని అరిగిపోకుండా చేసిన ఏర్పాటు అది. వెయ్యేళ్ల కిందటి కంసాలికి, ఇది నా తరవాత కూడా ఎవరో చదువుతారన్న ఎరుక ఉంది.

వాటిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న విషయం ఇంకోటి ఉంది. చాలా శాసనాల్లో రాజుగారి వంశం, ప్రతాపం అంతా సంస్కృతంలో సాగుతుంది. దానం ఇచ్చిన పొలం ఎల్లల దగ్గరికి వచ్చేసరికి మాటలు తెలుగులోకి మారతాయి. తూర్పున ఏ చెరువు, దక్షిణాన ఏ చెట్టు, పడమట ఏ పుట్ట అనేది ఊరివాళ్లకి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. లేకపోతే రేపు సరిహద్దు తగాదా వస్తే సాక్ష్యం చెప్పేవాడెవడు? పొగడ్త ఏ భాషలో ఉన్నా నడుస్తుంది. ఊరివాడు గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం ఊరివాడి భాషలోనే ఉండాలని ఆనాటి రాజులకే తెలుసు.

ఇవాళ్టి వారసత్వ సంఘాలతో నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. తెలుగు ఊళ్లల్లో హెరిటేజ్ వాక్‌లు జరుగుతున్నాయి, సంతోషం. కానీ చాలా చోట్ల ఆ నడకలో వివరణ ఇంగ్లీషులో ఉంటుంది, కరపత్రం ఇంగ్లీషులో ఉంటుంది, ఫోటోల కింద రాసేది ఇంగ్లీషులో ఉంటుంది. ఆ వీధిలో అరవై ఏళ్లుగా సోడా కొట్టు నడుపుతున్న మనిషి, తన కొట్టు ముందు ఆగి మాట్లాడుకుంటున్న గుంపు ఏం చెప్పుకుంటోందో అర్థంకాక చూస్తూ నిలబడతాడు. అతన్ని అడిగితే ఆ వీధి గురించి వాళ్లకి తెలియనివి పది చెప్పగలడు. మండలివాళ్లు పండితుల కోసం ఇంగ్లీషు పత్రిక నడుపుతూనే, ఊరి కోసం తెలుగు సంచికలు వేశారు. ఆ రెండో పని మానేస్తే చరిత్ర ఊరిలో ఉండదు, కొందరి దగ్గరే ఉంటుంది.

"ఇదంతా గవర్నమెంటు చూసుకోవాలమ్మా, మనమేం చేస్తాం" అంటారు చాలామంది. మా ఊరినే తీసుకోండి. మండలి పోగుచేసిన విగ్రహాలు, నాణేలు, తాళపత్రాలతో ఏర్పడిన ప్రదర్శనశాల 1967లో ప్రభుత్వ మ్యూజియం అయింది. ఇప్పటికీ రాళ్లబండి సుబ్బారావు గారి పేరుతోనే ఉంది. గౌతమీ గ్రంథాలయం ప్రభుత్వానిదే, కానీ అది వాసురాయ కవి గారు 1898లో పెట్టిన గ్రంథాలయంలోంచి పెరిగింది. టౌన్‌హాలు కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1890లో కట్టించారు. దామెర్ల రామారావు చిత్రశాల సంగతి చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడాయన. 27 ఏళ్లు. ఆ వయసులో పోయిన చిత్రకారుడి బొమ్మలు మామూలుగా అయితే చుట్టాలిళ్లల్లో గోడలకి వేలాడి, రంగు వెలిసి, ఎటో పోవాలి. భార్య సత్యవాణి గారు, స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు, వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లు వాటిని గుండెల్లో పెట్టుకుని కాపాడారు కాబట్టి ఇవాళ మనం వెళ్లి చూడగలుగుతున్నాం.

అన్నిట్లోనూ వరస ఒకటే. ముందు ఊరివాళ్లు మొదలుపెట్టారు, తరవాత ప్రభుత్వం తీసుకుంది. తీసుకోవడం మంచిదే. తాళాలు, జీతాలు, కరెంటు బిల్లు ఒక తరం తరవాత ఒక తరం భరించాలంటే సంఘాలకి సాధ్యం కాదు. కానీ ప్రభుత్వం ఉన్నదాన్ని తీసుకోగలదు, అంతే. మా అటక ఎక్కలేదు. మా బాబాయి "తూకానికి వేసెయ్" అన్నప్పుడు, "ఆగండి, ఒకసారి చూద్దాం" అనడానికి ఏ శాఖలోనూ మనిషి ఉండడు. ఆ మాట అనేవాడు పక్క వీధివాడై ఉండాలి, ఇంట్లోవాళ్లకి తెలిసినవాడై ఉండాలి. నన్ను అలా ఆపే మనిషి ఆ రోజు లేడు. ఉంటే ఆగేదాన్ని.

ఇంకొంతమంది అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా అంటారు. మండలి పత్రిక పాత సంపుటాలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టినవి దొరుకుతాయి, నిజమే. నేనూ అలాగే చదివాను. కానీ మా ఇంటి నోటుబుక్కు అక్కడ లేదు. ఎవరో కూర్చుని పెడితేనే ఏదైనా అక్కడ ఉంటుంది.

పాత ఇళ్ల సంగతి. దీనిమీద నా అభిప్రాయం కొంతమంది మిత్రులకి నచ్చదు. ప్రతి పాత ఇంటినీ నిలబెట్టాలని నేను అనలేను. మండువా ఇంటికి పెంకులు మార్చడానికి ఇప్పుడు పనివాళ్లు దొరకరు. నలుగురు వాటాదారులు నాలుగు ఊళ్లల్లో ఉంటారు. వాన పడితే కారే ఇంట్లో మా మామ్మ చివరి పదేళ్లు ఎలా గడిపిందో నాకు తెలుసు. ఆ ఇల్లు అమ్మినందుకు నేను సిగ్గుపడటం లేదు. పడగొట్టే ముందు కొలతలు తీసుకోనందుకు, గదిగదీ ఫోటో తియ్యనందుకు, ద్వారబంధం మీద చెక్కడాన్ని కాయితం మీదకి దింపుకోనందుకు సిగ్గుపడుతున్నాను. అది ఒక్క పూట పని. మా ఊళ్లో అప్పుడు ఒక చిన్న సంఘం ఉండి, ఇల్లు పడగొట్టే ముందు మాకొక పూట ఇవ్వండి అని అడిగి ఉంటే ఎవరూ కాదనేవారు కారు.

పోరాడి నిలబెట్టుకోవాల్సిన కట్టడాలు వేరే ఉంటాయి. హైదరాబాదులో ఎర్రమంజిల్ భవనం పడగొట్టి అసెంబ్లీ కట్టాలనుకున్నప్పుడు పౌరులు కోర్టుకి వెళ్లారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అలాంటివాటికి వకీళ్లు కావాలి, పత్రికలు కావాలి, ఓపిక కావాలి. మా ఊళ్లో 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన ఆ కోవలోకే వస్తుంది. దాన్ని కదలకుండా చూసుకోవాలి. కానీ బలమంతా కట్టడాలమీదే పెడితే, వాటిలో బతికిన మనుషుల కాయితాలు రిక్షా ఎక్కి వెళ్లిపోతాయి.

ఇంకో విషయం కూడా చెప్పకుండా ఉండలేను. సంఘం అన్నాక నిజం చెప్పే ధైర్యం ఉండాలి. రాజమండ్రి పేరు చెప్పగానే చాలామందికి సారంగధరుడు గుర్తొస్తాడు. సవతి తల్లి చిత్రాంగి నింద వేసిందని, రాజరాజ నరేంద్రుడు కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడని, సారంగధర మెట్ట అక్కడే ఉందని చిన్నప్పటినుంచి విన్నాం. నేనూ ఏడ్చాను ఆ కథకి. శాసనాల్లో మాత్రం రాజరాజుకి సారంగధరుడనే కొడుకు కనబడడు. ఆయన భార్య రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగ దేవి. వాళ్ల కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. పదిహేనో శతాబ్దపు కవి గౌరన ఇదే సారంగధరుడి కథని మాళవ దేశంలో జరిగినట్టు చెప్పాడు. ఏ దారినో అది మా ఊరికి వచ్చి ఒక మెట్ట ఎక్కి కూర్చుంది. ఊరి పేరు విషయంలోనూ అంతే. ఈ నగరం కట్టించింది రాజరాజేనా, లేక ఆయనకంటే వందేళ్ల ముందు రాజమహేంద్ర బిరుదు పెట్టుకున్న అమ్మరాజా అని చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ మాట చెప్తే కొందరికి కోపం వస్తుంది. ఒకసారి ఒక పెళ్లిలో చెప్తే, మా వాళ్లే "కథ పాడుచేస్తావెందుకు" అన్నారు. నేను పాడుచెయ్యడం లేదు. కథ కూడా ఈ ఊరిదే. ఇన్ని తరాలు ఆ మెట్ట చూపించి పిల్లలకి చెప్పుకున్నారంటే ఆ చెప్పుకోవడం కూడా చరిత్రే. రెండింటినీ రెండు అరల్లో పెట్టి, ఏది ఏ అరలోదో చెప్పాలి. అలాగే మెయిన్ రోడ్డులో మసీదు ద్వారం మీద 1324 నాటి పారశీక శాసనం ఉంది. ఈ ఊరి కథలో అదీ ఒక పేజీ. మనకి నచ్చిన రాజు దగ్గర మొదలుపెట్టి నచ్చిన చోట ఆపేస్తే అది ఊరి చరిత్ర కాదు. 2015లో ఊరి పేరు అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. పాత పేరు తిరిగి తెచ్చుకున్నారు, మంచిదే. ఆ పేరు వెనకాల ఉన్న వాదాలు కూడా పిల్లలకి తెలిస్తే ఇంకా మంచిది.

మండలి పెద్దలంటే నాకు ఎంత గౌరవమున్నా, వాళ్లు వదిలేసినవి కూడా నాకు కనబడుతున్నాయి. వాళ్ల పేజీల నిండా రాజవంశాలు, యుద్ధాలు, అగ్రహారాలు. అప్పటి అవసరం అది. మనకి చరిత్రే లేదన్నవాళ్లకి జవాబు చెప్పాల్సి వచ్చింది. కానీ రేవులో పడవ నడిపినవాడు, కలప దుంగలు నదిలో దించినవాడు, మగ్గం నేసినవాడు, బడిలో నీళ్లు పోసిన ఆయమ్మ ఆ పేజీల్లో లేరు. శాసనాలు చదివే పని చాలావరకు వాళ్లు చేసిపెట్టారు. ఈ మిగిలిన పని మనది. శాసనానికైనా రాయి ఉంది, ఆగుతుంది. మనిషి ఆగడు.

ఈ ఆలోచనతోనే మేం నలుగురైదుగురం రెండేళ్లుగా నెలకో ఆదివారం కలుస్తున్నాం. పేరూ రిజిస్ట్రేషనూ ఏమీ పెట్టుకోలేదు. ఒక ఇంటికి వెళ్తాం. పాత కాయితాలు, ఫోటోలు అక్కడే, వాళ్ల కళ్లముందే ఫోన్‌తో ఫోటో తీసుకుని, వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. ఒక్క కాయితం కూడా ఇంటికి తీసుకెళ్లం. ఇది మాకు మేం పెట్టుకున్న గట్టి నియమం. "చూసి ఇస్తాం" అని పట్టుకెళ్లినవాళ్ల చేతుల్లో ఎన్ని పాత ఫోటోలు పోయాయో ప్రతి ఇంట్లోనూ ఒక కథ వింటాం. ఫోటోలో ఉన్నది ఎవరో, ఎప్పుడో, ఎక్కడో ఆ ఇంటి పెద్దవాళ్లని అడిగి రాసుకుంటాం. పేరు లేని ఫోటో పదేళ్ల తరవాత ఎవరికీ పనికిరాదు.

అలా ఇన్నీసుపేటలో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాం. ఎనభై దాటాయి. భర్త గోదారి మీద లాంచీ నడిపిన సరంగు. "మా ఇంట్లో ఏముంటాయమ్మా, మేమేమన్నా జమీందార్లమా" అంది. కాఫీ ఇచ్చింది. గంటన్నర మాట్లాడాక, లోపలికి వెళ్లి పసుపు గుడ్డలో చుట్టిన ఒక పుస్తకం తెచ్చింది. ఆయన రాసుకున్న ట్రిప్పుల లెక్క. రాజమండ్రి, పట్టిసీమ, పోలవరం, దేవీపట్నం, పేరంటాలపల్లి, కూనవరం, భద్రాచలం. ఏ రేవులో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు, ఏ రోజు ఇసుక తిన్నె మీద లాంచీ ఆగిపోయింది, ఏ రోజు చింతపండు బస్తాలు ఎన్ని వచ్చాయి. పెన్సిల్ రాత, అక్కడక్కడ నూనె మరకలు. 1974లో రైలు కం రోడ్డు వంతెన వచ్చాక కొవ్వూరు లాంచీలకి గిరాకీ ఎలా పడిపోయిందో ఆవిడ చెప్పింది, ఆ పుస్తకంలో అంకెలు కూడా అదే చెప్తున్నాయి.

ఆ రేవుల పేర్లు మళ్లీ చదవండి. పోలవరం ప్రాజెక్టు కింద దేవీపట్నం ఖాళీ అయింది. పైనున్న ఊళ్లెన్నో ఖాళీ అవుతున్నాయి. అక్కడివాళ్లు పునరావాస కాలనీల్లో ఉంటున్నారు. ఆ ఊళ్లకి రాజులు రాసిన శాసనాలు ఉండొచ్చు, లేకపోవచ్చు. వాటి రేవుల్లో లాంచీ ఎక్కి దిగినవాళ్ల లెక్క మాత్రం ఒక సరంగు ఇంట్లో పసుపు గుడ్డలో ఉంది. మేం వెళ్లకపోతే, ఆవిడ తరవాత, ఏదో ఒక ఆదివారం అది కూడా తూకానికి వెళ్లేది.

ఫోటోలు తీసుకున్నాం, సరే. తీసుకుని ఫోన్‌లో పెట్టుకుంటే ఏం లాభం? తాతగారి మాట గుర్తొచ్చింది. సగం అర్థం కాకపోయినా మళ్లీ వెళ్లాలనిపించేలా ఎవరో ఆయనకి చెప్పారు కదా. అందుకని పోయిన వేసవిలో ఒక సాయంత్రం, తెలిసినవాళ్ల మేడ మీద చాపలు వేసి, ఆ లెక్క పుస్తకం గట్టిగా చదివాం. పాతికమంది వస్తారనుకుంటే నలభైమంది దాకా వచ్చారు. పెద్దావిడని ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టాం. మా మిత్రుడు చదువుతున్నాడు, నేను పెద్ద అట్ట మీద గోదారి గీసి రేవులు గుర్తు పెడుతున్నాను.

దేవీపట్నం దాటి కొంచెం పైకి వెళ్లామో లేదో, వెనక నుంచి ఒకాయన లేచాడు. లుంగీ, భుజం మీద తుండు. కాలనీ నుంచి మనవణ్ని తీసుకుని వచ్చాడట.

"అయ్యా, మధ్యలో మా రేవు వదిలేశారండి."

పుస్తకంలో లేదండీ అన్నాడు మా మిత్రుడు. అప్పుడు పెద్దావిడ కుర్చీలోంచి వెనక్కి తిరిగింది.

"ఆయ్, నిజమే. అక్కడ చెయ్యెత్తితేనే ఆపేవారు. రోజూ ఆగేది కాదు, అందుకే మా ఆయన రాసుండరు."

ఆయన మనుషుల మధ్యలోంచి నడిచి ముందుకి వచ్చాడు. నేను గీసిన గోదారిని కాసేపు చూసి, వంపు సరిగా లేదన్నాడు. నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, నదిని కొంచెం ఎడమకి తిప్పి, ఒడ్డున చుక్క పెట్టాడు. పక్కన ఊరి పేరు మనవడి చేత రాయించాడు.

తరవాతి ఆదివారం వాళ్ల కాలనీకి రమ్మన్నాడు. వెళ్తున్నాం.